ఇరవై సెకన్ల పాట

తాతకు మనవలు అలిగినా పట్టదు గాని, తన పాటల చేతిగడియారం అలిగితే అన్నం సయించదు. మీట నొక్కితే అది ఇరవై సెకన్లు పాడుతుంది. స్ప్రింగు వదులైపోతుందని వారానికి ఒక్కసారే నొక్కేవాడు, అదీ గడియారాలు సేకరించే మిత్రులు చుట్టూ చేరాక. "వెండి చెంచాలు తగిలినట్టుంది" అని ఒకాయన అంటే, "కాదండీ, గాజుమీద చినుకులు" అనేవాడు ఇంకొకాయన. తాత మీసాల చాటున మురిసిపోయేవాడు. "నాకూ వినిపించండి" అని వంటింట్లోంచి నానమ్మ వస్తే మాత్రం, "తడి చేతులతో దగ్గరికి రాకు, తుడుచుకుని రా" అనేవాడు. ఆవిడ తుడుచుకునేలోగా పాట అయిపోయేది. "వచ్చేవారం చూద్దాంలే." ఆ వచ్చేవారం ముప్పై ఏళ్లయినా రాలేదు.

ఈమధ్య నానమ్మకు పూర్తిగా చెవుడు వచ్చింది. మొన్న తాత గిన్నెలు కడుగుతున్న ఆవిడ దగ్గరికి తనే వెళ్లి, ఆ తడి చేతికే గడియారం పెట్టి మీట నొక్కాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"చీమ పాకినట్టుందండీ!" అని నవ్వింది నానమ్మ. "పాడుతోందా? ఎలా ఉందేమిటి?"

ఆ పాట గురించి గంటలకొద్దీ చెప్పగల మనిషి ఐదోసారి మీట నొక్కాడు. ఆవిడేమో ఆయన పెదవులకేసే చూస్తూ నిలబడింది.