గుండుకు గెజిటెడ్ సంతకం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు నాకు మొదటి ఉద్యోగం దొరికింది. తిరుపతి స్టేషనుకు దగ్గర్లో ఒక చిన్న గది. బయట పర్యాటక సమాచార కేంద్రం అని బోర్డు, లోపల ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు జిల్లా మ్యాపు. కొండ బస్సు ఎక్కడ ఆగుతుందో, చంద్రగిరి కోట ఎన్నింటికి మూస్తారో అడిగినవాళ్లకు చెప్పడం నా పని. మనవాళ్లు నన్నేమీ అడిగేవాళ్లు కాదు. తిరుపతికి వచ్చేవాళ్లకు దారి చెప్పడానికి ఇంకో మనిషి కావాలా? తప్పిపోయి ఎవరైనా లోపలికి వచ్చినా, మంచినీళ్లు ఎక్కడని అడిగి వెళ్లిపోయేవాళ్లు. అందుకని నేను విదేశీయుల పాలిట పడ్డాను, వాళ్లు నా పాలిట పడ్డారు.

నా చిన్నప్పుడు ఊళ్లోకి ఒక తెల్లాయన వస్తే పిల్లలమంతా వెంటపడి వీధి చివరిదాకా పోయేవాళ్లం. నేను ఉద్యోగంలో చేరేసరికి అటువంటివాళ్లు వారం వారం దిగుతున్నారు. మద్రాసులో రైలెక్కి, రేణిగుంటలో మారి, వీపు మీద మూటలతో, కాళ్లకు హవాయి చెప్పులతో వచ్చేవాళ్లు. గాంధీరోడ్డులో ఇత్తడి సామాన్ల దుకాణాలవాళ్లు బేరానికి సరిపడా ఇంగ్లీషు నేర్చేసుకున్నారు. ఒక హోటల్లో ఇడ్లీ పక్కన చట్నీ తీసేసి జాము వేయడం మొదలుపెట్టారు. దాన్ని ఎవరైనా తిన్నారో లేదో నాకు తెలియదు. లాడ్జీల వాళ్లు ఉన్న గదుల్లోనే కుర్చీలా కూర్చునే కక్కసుదొడ్లు బిగించి బాడుగ పెంచారు. ఊరంతా ఏదో కొత్త పంట చేతికొచ్చినట్టు సంబరంగా ఉండేది. ఆ సంబరంలో నేనూ ఉన్నాను. నా ఇంగ్లీషంటే నాకు మహా గొప్ప.

ఆ రోజుల్లో ఊళ్లు తిరిగే విదేశీయులు తమ ఉత్తరాలకు మా కేంద్రం చిరునామా ఇచ్చేవాళ్లు. అలా ఉత్తరాల కోసం రోజూ వచ్చేవాడు ఒక హాలండు అబ్బాయి. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. భుజాల దాకా జుట్టు, రొమ్ము మీదికి దిగిన గడ్డం. ఆ రెంటి మధ్యలో ముక్కూ కళ్లూ తప్ప మరేమీ కనిపించేది కాదు. ఒక గురువారం అతనికి టెలిగ్రాం వచ్చింది. నిలబడే చదివి, మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లమ్మకు పెద్ద ఆపరేషన్ చేయాలట, వెంటనే బయలుదేరమన్నారట. ఆ మధ్యాహ్నమంతా ట్రంకాల్ ఆఫీసులో కూర్చుని, మద్రాసు నుంచి ఆదివారం రాత్రి విమానంలో సీటు ఖాయం చేసుకున్నాడు. తర్వాత మళ్లీ నా దగ్గరికి వచ్చి, "ఇంకా మూడు రోజులుంది. తల్లికి బాగాలేకపోతే మీరిక్కడ ఏం చేస్తారు?" అని అడిగాడు.

"కొండకు మొక్కుకుని తలనీలాలు ఇస్తాం" అన్నాను. అర్థం కాక చూస్తుంటే నా జడ ముందుకు వేసుకుని, తల మీద కత్తి గీస్తున్నట్టు చెయ్యి ఆడించాను. రెండు చేతులతో తన జుట్టు తడుముకున్నాడు. "గడ్డం కూడానా?" అన్నాడు. "గడ్డం కూడా ఇస్తే ఇంకా మంచిది" అన్నాను. ఆ ముక్క ఎందుకన్నానో నాకే తెలియదు. ఎవరైనా సలహా అడిగితే చాలు, ఒకటికి రెండు చెప్పే బుద్ధి నాది.

శనివారం పొద్దున నేను గది తలుపు తీసేసరికి నున్నటి గుండు మీద చందనం పూసుకున్న తెల్లాయన ఒకడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కొత్త మనిషి అనుకుని కూర్చోబెట్టి, మ్యాపు చేతికిచ్చి, ఏ దేశం నుంచి వచ్చారని అడిగాను. "మొన్న వచ్చిన దేశం నుంచే" అని నవ్వాడు. ఆ గొంతు విన్నాక గానీ అతనెవరో నాకు తెలియలేదు. నిన్ననే కొండ నడిచి ఎక్కి, జుట్టూ గడ్డమూ ఇచ్చేసి వచ్చాడట. మనసు తేలికపడిందని చెప్పి, ప్రయాణానికి డబ్బు మార్చుకుంటానని బ్యాంకుకు వెళ్లాడు.

గంట కాకముందే తిరిగి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పాస్‌పోర్టు నా ముందు తెరిచి పెట్టాడు. ఫోటోలో అదే జుట్టు, అదే గడ్డం. ఈ ఫోటోలో మనిషివి నువ్వు కాదని బ్యాంకు ఆఫీసరు అతని ట్రావెలర్స్ చెక్కులు మార్చనన్నాడట. ఆయన్ను తప్పుపట్టడానికేమీ లేదు. నేనే గుర్తుపట్టలేకపోయాను. రేపు విమానాశ్రయంలోనూ ఇదే మాటంటారు, గుండుతో కొత్త ఫోటో తీయించుకుని, ఇద్దరూ ఒకరే అని ఎవరైనా గెజిటెడ్ ఆఫీసరు చేత రాయించుకుపో అని ఆయనే సలహా చెప్పాడట. మద్రాసులో వాళ్ల దేశపు కార్యాలయానికి ఫోను చేశాం. శనివారం కదా, మోగి మోగి ఆగిపోయింది.

తల్లి కోసం ఇచ్చిన జుట్టే తల్లి దగ్గరికి పోనివ్వకుండా అడ్డం పడింది. ఇప్పించింది నేను.

గెజిటెడ్ ఆఫీసరు కోసం ఊరంతా వెతకాల్సిన పని లేదు. మా నాయన ప్రభుత్వ హైస్కూలు హెడ్మాస్టరు, గెజిటెడ్, పచ్చ ఇంకుతో సంతకం పెట్టే హోదా. కానీ ఆ సంతకం సంపాదించడం కంటే కొండ మీద మంచి గది సంపాదించడం తేలిక. సర్టిఫికెట్ల కట్టలతో మా వరండాలో జనం కూర్చునేవాళ్లు. ఆయన ప్రతి అక్షరమూ చదివి, అసలు కాగితం కళ్లతో చూస్తేనే నకలు మీద సంతకం పెట్టేవాడు. అసలు ఇంట్లో ఉందని ఎవరైనా అంటే, తెచ్చిన తర్వాతే రమ్మని పంపేసేవాడు. అందులో చుట్టాలూ ఉన్నారు. ఆయన చాదస్తం మీద నాకు చాలా కోపం ఉండేది.

ఆ రోజు రెండో శనివారం, స్కూలుకు సెలవు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉంటాడు. దారిలో స్టూడియోలో అర్జంటు ఫోటోకు కూర్చోబెట్టి, ఆ అబ్బాయిని ఇంటికి తీసుకుపోయాను. మా నాయన అంతా విని, పాస్‌పోర్టు ఫోటో చూసి, అబ్బాయి గుండు చూసి, నన్ను చూశాడు.

"ఈ పటంలో ఉండేవాడూ, ఈ అబ్బాయీ ఒకరే అని నీకెట్ల తెలుసు?"

"నేను చూసినాను గదా నాయనా."

"ఈ పొద్దున వచ్చినప్పుడు చూస్తూనే గుర్తుపట్టినావా?"

లేదన్నాను.

"నువ్వే పోల్చుకోలేనోణ్ణి నేను పోల్చుకున్నానని రాసియ్యమంటావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆడ వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉండాది నాయనా! ఒక్క సంతకం పెడితే నీ పచ్చ ఇంకు అయిపోతాదా?" అని అరిచాను. ఆయన ముందు అంత గొంతు లేపడం నా జన్మలో అదే మొదలు. ఏం జరుగుతోందో అర్థం కాక ఆ అబ్బాయి మా అమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

మా నాయన కుర్చీ అబ్బాయి ముందుకు లాక్కుని ఇంగ్లీషులో ఒకటే ప్రశ్న వేశాడు. జుట్టు తీసేటప్పుడు నీ ఎదురుగా ఉన్నది ఎవరు? అబ్బాయి తన డైరీ తీశాడు. ఈ విదేశీయులు ఏ కాగితమూ పారేయరు. కల్యాణకట్టలో ఇచ్చిన చీటీ అందులో పదిలంగా ఉంది, దాని మీద క్షురకుడి నంబరు ఉంది. మా నాయన అంగీ వేసుకుంటూ, "పద, బస్సుకు పోదాం" అన్నాడు.

కొండ మీద ఆ నంబరు మనిషి ముసలాయన. మా అదృష్టం కొద్దీ పని మీదే ఉన్నాడు. చేతిలో ఉన్న గుండు పూర్తి చేసి, కత్తి తుడుచుకుంటూ లేచాడు.

"నిన్న ఈ అబ్బాయికి గుండు చేసింది నువ్వేనా అప్పా?" అని అడిగాడు మా నాయన.

"నేనే అయ్యోరా. యాడ మర్సిపోతాను? ఈ దొర గడ్డం నానేదానికే చెంబుడు నీళ్లు పట్టినాయి."

మా నాయన పాస్‌పోర్టు చూపించాడు. "ఈ పటంలో ఉండేది ఇతనేనా? జుట్టూ గడ్డమూ ఎవరికైనా ఉంటాయి. తొందరపడి చెప్పొద్దు."

ముసలాయన ఫోటోను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత, కత్తి పట్టే ముందు తిప్పినట్టే, అబ్బాయి దవడ కింద వేళ్లు పెట్టి తల కుడివైపుకు తిప్పాడు. "మేము మొగం సూడం అయ్యోరా. దినానికి ఎన్ని మొగాలని సూసేది? కత్తి తెగేది సెవి కాడ. అందుకని సెవులే సూస్తాము. ఈ ఎడమ సెవి సూడండి. కింద తమ్మి ఇడిగా లేదు, సెంపకు అతుక్కోనుండాది. పైన అంచు కూడా మడత లేకుండా పలకగా ఉండాది. పటంలో ఎంటికలు ఈ పక్క సెవి ఎనక్కి తోసినారు గదా, అదే సెవి."

మా నాయన కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, చాలాసేపు ఫోటోలో చెవినీ, మనిషి చెవినీ మార్చి మార్చి చూశాడు. నేనూ తొంగి చూశాను. అదే చెవి! అప్పుడు నేను నిండుగా ఊపిరి పీల్చుకున్నాను. అబ్బాయికి విషయం చెప్తే అతనూ తన చెవి పట్టుకుని చూసుకున్నాడు, అంతవరకూ అది తనకు ఉందని తెలియనట్టు.

మా నాయన ముసలాయన పేరు అడిగి కాగితం మీద రాసుకున్నాడు. ఆయన కంగారుపడ్డాడు. "నా పేరెందుకు సామీ? ఏమన్నా కేసా?"

"కేసు కాదప్పా. చూసినోడివి నువ్వు. నేను రాసేవాణ్ణే."

దిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. స్టూడియోలో ఫోటో తీసుకుని, సీలు కోసం స్కూలుకు పోయి, బీరువా తెరిచి, మా నాయన ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. ఒక పేజీ నిండా రాశాడు. ఈ వ్యక్తిని గుండుకు ముందు నేను చూడలేదు, గుండు చేసిన ఫలానా క్షురకుడు ఎడమ చెవి ఆధారంగా పోల్చాడు, ఆ చెవిని నేను స్వయంగా ఫోటోతో సరిచూసి నమ్మాను అని. చదివి నాకు మతిపోయింది. చెవి గురించి ఉత్తరం తీసుకుపోతే విమానాశ్రయంలో నవ్వరా? "ఇంత రామాయణం ఎందుకు నాయనా? ఇతన్ని నేనెరుగుదును అని ఒక్క ముక్క రాస్తే పోయె గదా" అన్నాను.

"ఎరగను గదమ్మా" అన్నాడు. కొత్త ఫోటో అంచు మీదుగా పచ్చ సంతకం పెట్టి, సీలు గుద్ది, ఇంకు ఆరేదాకా ఊదాడు.

మా అమ్మ పులిహోర పొట్లం కట్టింది. టికెట్ కొని మేమే మద్రాసు బస్సెక్కించాం. కిటికీలోంచి అతను చేతులు జోడించాడు. మా నాయన చెయ్యెత్తి ఊరుకున్నాడు.

తర్వాత కబురు లేదు. వారం పోయింది, రెండు వారాలు పోయాయి. ఆ చెవి ఉత్తరం చూసి ఎవరో నవ్వి వెనక్కి పంపేశారనీ, అతను మద్రాసులో ఏ ఆఫీసు మెట్ల మీదో కూర్చుని ఉండగానే అక్కడ తల్లి పోయిందనీ ఊహించుకుని కుమిలిపోయాను. మా నాయనతో మాట్లాడటం తగ్గించాను. మాట్లాడితే ఏమంటానోనని భయం. ఆయనా ఆ ఊసెత్తలేదు. సలహాలు చెప్పడంలో మాత్రం నాకు బుద్ధి వచ్చింది. ఎనభైల్లో అద్దాల బస్సుల్లో గుంపులు గుంపులుగా విదేశీయులు దిగే రోజుల దాకా ఆ బల్ల దగ్గరే పనిచేశాను. తలనీలాల గురించి అడిగిన ప్రతివాళ్లకూ ముందు బ్యాంకు పని చూసుకుని, తర్వాత కొండెక్కమని చెప్పాను.

ఆ అబ్బాయి వెళ్లిన మూడో వారం, శనివారం నాడు, హాలండు ఉత్తరం వచ్చింది. తొందరలో కవరు అడ్డదిడ్డంగా చించాను. విమానాశ్రయంలో ఆఫీసరు మా నాయన ఉత్తరం రెండుసార్లు చదివి, బల్ల చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, అతని తల పక్కకు తిప్పించి చెవి చూసి, ముద్ర గుద్ది పంపించేశాడట. ఆపరేషన్ ముందురోజే అమ్మను చేరుకున్నాడట. ఆమె లేచి కూర్చుంటోంది, సూపు తాగుతోంది, తన గుండు నిమిరి నవ్వుతోంది అని రాశాడు. గదికి తాళం వేయడం కూడా మరిచిపోయి స్కూలుకు పరుగెత్తాను.

మా నాయన ఉత్తరం నిలబడే చదివాడు. "ఆమెకు బాగుండాదా?" అన్నాడు. "బాగుండాది నాయనా, రాసినాడు గదా!" అన్నాను. మళ్లీ మొదటి నుంచి చదివి, వరండా గట్టు మీద కూర్చున్నాడు. "రేపు ఆదివారం. కొండకు పోదాం. నాకు మొక్కుండాది" అన్నాడు.

నాకు తెలిసి ఆయన తన కోసం గానీ మా కోసం గానీ ఏ మొక్కూ మొక్కలేదు. యాభై దాటినా ఒక్క నెరిసిన వెంట్రుక లేని తల ఆయనది. అంత ఒత్తైన జుట్టూ కల్యాణకట్ట నేల మీద పడుతుంటే నేను పక్కన నిలబడి చూశాను. గుండుతో ఆయన చాలా చిన్నవాడిలా కనిపించాడు.

"ఎప్పుడు మొక్కుకున్నావు నాయనా?" అని అడిగాను.

"బస్సు కదిలేటప్పుడు. అబద్ధం రాయకూడదని చెవి సంగతి రాసినాను. దానివల్ల ఆ బిడ్డ ఆగిపోతే ఆ తల్లి ఉసురు నాకే గదా. ఆ పొద్దు నుంచి నిద్ర లేదమ్మా."

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"నీతో ఏమని చెప్పేది? నువ్వు నా మొగమే చూడ్డం లేదు గదా."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెద్దదాన్నయ్యాక అలా పట్టుకోవడం అదే మొదలు. తిరుగు బస్సులో రెండో మలుపు దాటేసరికి, తల నా భుజం మీద వాల్చి నిద్రపోయాడు. బస్టాండులో అందరూ దిగిపోయారు. కండక్టరు వచ్చి లేపమన్నాడు. ఇంకో ఐదు నిమిషాలు ఉండనీయప్పా అని బతిమాలుకున్నాను.