ఎత్తని ఫోన్‌కి వందకి వంద

ఫోన్ మోగితే ఎత్తడం కాకుండా, ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకునే రోజుల్లో పెరిగినవాణ్ణి నేను. మా హాస్టల్లో ఒక రింగు వస్తే స్నేహితుడు బయల్దేరాడని, రెండొస్తే గేటు దగ్గర నిలబడ్డాడని అర్థం. పొరపాటున ఎవడైనా ఎత్తాడా, వాడితో వారం రోజులు మాటల్లేవు. (అవతలివాడి బ్యాలెన్స్ తిన్నవాడికి మా దగ్గర క్షమాపణ ఉండేది కాదు.) అలాంటివాణ్ణి అమెరికా వచ్చి ఫోన్ కాల్స్ యాప్ రాశానంటే, తప్పు నాదో, నాకు ఆ పని అప్పజెప్పినవాళ్లదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకీ వస్తున్నాయి. అల్ఫారెట్టా అనే ఊళ్లో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పై అంతస్తులో, ఐదుగురం ఉన్న బుల్లి కంపెనీ మాది. ఫోన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నట్టుండి కొత్త వర్షన్‌కి మారిపోయేది. నిన్న పలికిన యాప్ ఇవాళ మూగబోయేది. ఒక లారీల కంపెనీ ఓనరు, తన డ్రైవర్లు ఆఫీసుకి ఇంటర్నెట్ మీద కాల్ చేసుకునే యాప్ కావాలన్నాడు. డెమో బాగుంటే కాంట్రాక్టు, లేకపోతే మా కంపెనీకి తాళం. మా బాస్ (నెల్లూరాయన, కోపం వస్తే ఇంగ్లీషు, మరీ వస్తే తెలుగు) నన్ను పక్కకి పిలిచి, "ఇది పోతే నీ హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేసేదానికి కంపెనీయే ఉండదబ్బాయ్" అన్నాడు, తెలుగులోనే.

యాప్‌ని పరీక్షించే టెస్టర్ని పెట్టుకునే స్తోమత మాకు లేదు. సరిగ్గా అప్పుడే మా మామగారు ఆరు నెలలు ఉందామని మా ఇంటికి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. కారు నడపడం రాదు కనుక ఎక్కడికీ కదల్లేక, పది రోజుల్లోనే మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కార్లన్నీ లెక్కపెట్టేసి, దిద్దడానికి ఇంకేమీ దొరక్క దిగాలుగా కూర్చున్నారు. రెండు టెస్టు ఫోన్లు చేతికిచ్చి, ఇందులోంచి అందులోకి కాల్ చేసి ఫలితం రాసిపెట్టమన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నోటుబుక్కులో గళ్లు గీసి, టైము వేసి, మోగితే "మోగినది" అని రాసి ఎర్రసిరాతో టిక్కు పెట్టేవారు. నేను సాయంత్రం ఇంటికి రాగానే "వందకి వంద, బాబూ" అనేవారు. జన్మలో లెక్కల్లో నలభై దాటనివాణ్ణి, లెక్కల మాస్టారి నోట ఆ మాట వినేసరికి పొంగిపోయేవాణ్ణి.

డెమోకి బయల్దేరుతుంటే మామగారు గుమ్మం దాకా వచ్చి, కాంట్రాక్టు వస్తే ఒక రింగు, రాకపోతే రెండు ఇవ్వమన్నారు.

లారీల ఓనరు నిలువెత్తు మనిషి, చేటంత టోపీ. తన ఫోన్‌లో మా యాప్ తెరిచి నాకు కాల్ చేశాడు. గణగణా మోగింది. నేను గర్వంగా చూస్తూ, రెండో రింగుకి అలవాటు చొప్పున కట్ చేసేశాను. ఎందుకు కట్ చేశావన్నాడు. మోగిందిగా అన్నాను. ఈసారి ఎత్తవయ్యా అని మళ్లీ చేశాడు. ఆ యాప్‌లో కాల్ ఎత్తే పచ్చబటన్‌ని ఒక మానవుడు నొక్కడం చాలాకాలానికి అదే మొదలు. స్క్రీన్ తెల్లబోయింది, యాప్ మాయమైంది, మా బాస్ ముఖం నేను చూడలేదు. వర్షన్ మారినప్పుడు ఎత్తే భాగం ఎప్పుడో చెడిపోయింది. మామగారూ నేనూ ఒక్కసారైనా ఎత్తితే కదా తెలియడానికి.

దీన్ని ఎవరు టెస్ట్ చేశారని ఓనరు అడిగాడు. బుద్ధి గడ్డి తిని, సాక్ష్యంగా తెచ్చుకున్న మామగారి నోటుబుక్కు చేతికిచ్చాను. పేజీల నిండా తెలుగు, ఎర్ర టిక్కులు. ఇక దాచడానికి ఏముందని మిస్డ్‌కాల్ కథంతా చెప్పేశాను, ఒక రింగు, రెండు రింగులతో సహా. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తన డ్రైవర్లు స్టీరింగ్ పట్టుకుని ఫోన్లో కబుర్లు చెప్పడమే తనకి తలనొప్పి అట. సరుకు ఎక్కితే ఒక రింగు, దిగితే రెండు, అంతకు మించి తనకి ఒక్క మాట అక్కర్లేదన్నాడు. ఆ ఏర్పాటు పెట్టడానికీ, పచ్చబటన్ బాగుచేయడానికీ రెండు వారాలు గడువిచ్చి కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు.

పార్కింగ్‌లోకి పరుగెత్తి, మామూలు ఫోన్‌లోంచి ఇంటికి కొట్టాను. ఒక రింగు అయింది. నేను కట్ చేసేలోపే ఆయన ఎత్తేశారు.

"ఎత్తేశారేంటి మామయ్య గారూ?"

"రెండోది మోగుతుందేమోనని భయమేసింది, బాబూ."

మర్నాడు పొద్దున్నే ఆయన నోటుబుక్కులో "ఎత్తినది" అని కొత్త గడి గీశారు. సాయంత్రం నేను ఇంటికి రాగానే మొహమాటం లేకుండా "వందకి సున్నా" అన్నారు. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడూ ఆ సున్నా చూసి, ఫోన్ ఎత్తడం నేర్చుకోకుండానే ఫోన్ యాప్ రాసేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడి కోసం ఒకాయన రెండో రింగు మోగనివ్వలేదు కదా అనుకున్నప్పుడు మాత్రం, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటాను.