నాయిన సంతకం కావాల్సిన పుస్తకం

మా బడి లైబ్రరీలో ఒక అద్దాల బీరువాకు ఎప్పుడూ తాళం ఉండేది. ఎదిగే పిల్లలు చదవాల్సిన పుస్తకాలన్నీ అందులోనే ఉండేవి, ఎదిగే పిల్లలకు మాత్రం ఇచ్చేవారు కాదు. కావాలంటే చీటీ మీద పుస్తకం పేరు రాసుకెళ్లి, కింద తండ్రి సంతకం పెట్టించుకు రావాలి. తల్లి సంతకం చెల్లదు. పిల్లల్ని కన్నదెవరో ఆ నియమం పెట్టినవాళ్లకు గుర్తున్నట్టు లేదు.

తొంభైల చివరి మాట ఇది. అక్క పదో తరగతి, నేను ఎనిమిది. శామీర్‌పేట పక్క ఊరి నుంచి మేడ్చల్ రోడ్డు మీది బడికి బస్సులో వెళ్లేవాళ్లం. ఆ ఏడు బతుకమ్మ పండుగ నుంచి అక్కకు నెలసరి వస్తే ఆగడం లేదు. మెట్లెక్కితే ఆయాసం. మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. అమ్మకు చెబితే అమ్మ అవ్వ వైపు చూసింది.

"ఆడపుట్టుకంటే గంతే బిడ్డా. గివి నలుగురిల జెప్పుకుంటరా?" అంది అవ్వ. ఇంట్లో వైద్యం అక్కడితో అయిపోయింది.

బీరువా అద్దంలోంచి కనిపించే ఒక పుస్తకం మీద అక్క కన్ను పడింది. ఆడపిల్లల ఒంట్లో వచ్చే మార్పుల గురించి రాసినది. లైబ్రరీ మేడమ్ కోస్తా నుంచి వచ్చిన మనిషి, కొత్త కాలనీలో ఉండేది. "మీ నాన్నగారు సంతకం పెడితే ఇప్పుడే ఇచ్చేస్తానమ్మా. లేకపోతే రేపెవరైనా వచ్చి గొడవ చేస్తే నా ఉద్యోగం ఉండదు" అంది. మంచిదే పాపం. కానీ ఆ పాలిపోయిన మొహం చూసి కూడా ఎందుకమ్మా అని అడగలేదు.

మా ఇంట్లో సంతకానికి ఒక పద్ధతి ఉంది. తాత కాలంలో ఎవరో బాట కోసమని చెప్పి సంతకం పెట్టించుకుని, మడి మొత్తం రాయించుకున్నారట. అప్పటి నుంచి ఏ కాగితమైనా వాకిట్లో అందరి ముందు పైకి చదవాలి, ఆ తర్వాతే నాయిన కలం పట్టేవాడు. ఆయనకు తన పేరు రాయడం వరకే వచ్చు. చదివేది అక్క. ప్లాట్ల బేరానికి వచ్చినవాళ్ల ముందు అక్క గడగడా చదువుతుంటే నాయిన చెయ్యి మీసం మీదికి పోయేది.

ఆదివారం పొద్దున అక్క చీటీ తీసుకెళ్లింది. వాకిట్లో చిన్నాయిన, ప్లాట్లవాళ్లు చాయ్ తాగుతున్నారు. నాయిన ఒక్కడే ఉన్నప్పుడు అడగొచ్చు కదా అంటారేమో. మా నాయిన ఒక్కడే ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"లైబ్రరీ పుస్తకానికి నాయినా, సంతకం గావాలె."

"పెడత బిడ్డా, దానికేంది? పైకి సదువు, అందరు ఇనాలె."

చీటీ మీద ఉన్నదల్లా ఆ పుస్తకం పేరే, ఆ పేరులోనే ఆడపిల్లల ఒంటి సంగతి ఉంది. నేనైతే నోటికొచ్చిన కథల పుస్తకం పేరేదో చదివేసేదాన్ని. కానీ చదువొచ్చిన చిన్నాయిన పక్కనే ఉన్నాడు, చీటీ కోసం అప్పుడే చెయ్యి చాచాడు కూడా. అక్క దాన్ని పిడికిట్లో నలిపేసింది.

"ఏం లేదు నాయినా. అంత అవసరం లేదు."

"సరె తియ్యి" అని నాయిన చాయ్ అందుకున్నాడు.

అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆయన చేసిన తప్పేమిటంటే చెప్పలేను, అందుకే ఇంకా మండుతుంది. తర్వాత కాలేజీలో అలాంటి పుస్తకమే ఒకటి చదివాను. వారం దాటినా ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలని అందులో మొదట్లోనే ఉంది.

శివరాత్రి ముందు అక్క బడిలో ప్రార్థన జరుగుతుండగా కూలిపోయింది. అల్వాల్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఎన్నాళ్ల నుంచి రక్తం పోతోంది?" అని అడిగింది. అక్క మంచం పక్కన నిలబడ్డ నాయినను చూసి, "రెండు దినాలే" అంది. అమ్మ తల దించుకుంది.

"అబద్ధం! నెలల సంది పోతాంది" అని నేను అరిచాను.

నాయిన మా వైపు తిరిగాడు. "నాకెందుకు జెప్పలే?" అన్నాడు. వెంటనే రక్తం ఎక్కించాలంది డాక్టరమ్మ.

రక్తం కోసం చిన్నాయిన సికింద్రాబాద్ పరుగెత్తాడు. నాయిన అక్క చెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఒక్కపారి నా దిక్కు సూడు" అని బతిమాలాడు. అక్క సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కుంది. చిన్నాయిన వచ్చేసరికి అక్క ఆ దుప్పటి కిందనే పోయింది.