దిగాక చెప్పాల్సిన మాట

బస్సు డిపోలో కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే పెద్దాయన్ని అందరూ "మళ్ళీచూడు మాస్టారు" అనేవారు. బ్రేకు చూశానంటే మళ్ళీ చూడు, టైరు చూశానంటే మళ్ళీ చూడు! కుర్రతనంలో యుద్ధం వచ్చినప్పుడు ఆయన బాంబర్ విమానం నడిపాడు. ఇంజను అంటుకుంటే మిగతావాళ్ళను పారాచూట్లతో దూకించి, గాయపడి కదల్లేని గన్నరు కోసం తాను ఉండిపోయాడు. మండుతున్న విమానాన్ని పొలంలో దింపాడు. గన్నరు బతికాడు, ఈయనకు పతకం వచ్చింది. మరొకడైతే ఆ కథ చెప్పుకుంటూనే జీవితమంతా గడిపేసేవాడు. ఈయన తనంతట తాను నోరెత్తడు.

అడిగితే మాత్రం ఆగడు, అదే భార్యకు తంటా. యుద్ధం రోజుల్లో విమానం దిగగానే సిబ్బందంతా బల్ల చుట్టూ కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఒకడు తప్పు దాస్తే రేపు వెళ్ళేవాడు చస్తాడు. విమానాల ఉద్యోగం వదిలినా ఆ బుద్ధి పోలేదు మహానుభావుడికి.

అందుకే తమ కొడుకు పెళ్ళి మాటలకు కాబోయే వియ్యపురాలు వస్తున్న రోజు, భార్య పతకాన్ని దుప్పట్ల కింద దాచేసి మొగుణ్ణి నిలదీసింది.

"మీకు దణ్ణం పెడతా. ఆవిడది నది అవతలి ఊరు. మీరు బాంబులేసిన ఊరు! నోరు మెదిపారో, పెళ్ళి పెటాకులే."

"అడిగితే?"

"దగ్గండి!"

టీ తాగుతూ వియ్యపురాలు అడగనే అడిగింది. "అన్నయ్యగారూ, యుద్ధంలో మీరు పైలట్టటగా. మా ఊరి మీదికి వచ్చారా?"

భార్య బల్ల కింద ఆయన కాలు తొక్కింది. ఆయన దగ్గలేదు.

"వచ్చానమ్మా. వంతెన కొట్టమన్నారు. మబ్బు పట్టింది. మళ్ళీ చుట్టి వచ్చి చూడాల్సింది, తొందరపడి వేసేశాను. పక్క వీధి మీద పడ్డాయి. పతకం వచ్చింది కూడా ఆ ప్రయాణానికే."

వియ్యపురాలు కప్పు కింద పెట్టింది. "ఆ వీధిలో మా నాన్న రొట్టెల కొట్టు ఉండేది."

భార్యకు మొగుడి మీద ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ వీధి సంగతి తనకు ఒక్క ముక్క చెప్పలేదే! మరుక్షణమే సిగ్గేసింది. తానెప్పుడూ అడగనేలేదు.

"నాన్నగారు..." అన్నాడాయన.

"పోయాడు. అమ్మ ఉంది. విమానం చప్పుడైతే ఇప్పటికీ మంచం కింద దూరుతుంది." వియ్యపురాలు లేచి నిలబడింది. "పిల్లలు ఇష్టపడ్డారు, నేను కాదనను. కానీ పెళ్ళిలో అమ్మ పక్కన మీరు కూర్చోవాలి."

"నేనెవరో ఆవిడకు తెలుసా?"

"తెలీదు. మీరే చెప్పాలి."

ఆయన భార్య వంక చూసి, "నువ్వూ వస్తావా?" అన్నాడు.

"పెళ్ళిదాకా ఎందుకు? నలుగురిలో పెట్టి ఆ ముసలమ్మను ఏడిపిస్తారా?" అంది ఆవిడ. "లేవండి. రేపే వెళ్దాం."