కలుపు మందు

ఊళ్లో అందరూ ఆమెను నీళ్లక్క అనేవారు. పాతికేళ్లుగా భర్త చేనుకు మందు కొడుతుంటే, కాలవ నుంచి బిందెలతో నీళ్లు మోసింది ఆమే. నారు పోయడం, నాటడం, కలుపు తీయడం, కాయ కోయడం, విత్తనం ఏరి దాచడం అన్నీ ఆమె చేతుల మీదే నడిచేవి. మందు డబ్బా మూత మాత్రం ఏనాడూ తిప్పలేదు. వ్యవసాయ ఆఫీసు శిక్షణకు "రైతులు రావాలి" అని చాటింపు వేస్తే మగవాళ్లే వెళ్లేవారు. తననూ పిలిచారని ఆమెకు తట్టనే లేదు.

ఆ ఏడు ఉన్న ఎకరమూ మిరప వేశారు. పూత మొదలయ్యేసరికి భర్త గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచం దిగే వీల్లేదు.

"ఆకంతా పురుగు కొరికేస్తోందయ్యా. ఏం చెయ్యమంటావు?"

గోడవైపు తిరిగి మూలుగుతున్నవాడు విసుక్కున్నాడు. "చెయ్యడానికేముంది! కలుపు మందు. ట్యాంకుకి రెండు మూతలు. కొట్టేసిరా."

గట్ల మీద గడ్డికి కొట్టే తెల్ల డబ్బాను ఇంట్లో కలుపు మందనే అంటారు. గడ్డి మందు పురుగుకెందుకా అని క్షణం ఆగింది. ఆయనకు తెలియదా అని సర్దిచెప్పుకుని, వీపున ట్యాంకు తగిలించుకుంది.

నాలుగు సాళ్లు కొట్టి అన్నం పెట్టడానికి ఇంటికొచ్చింది.

"నీలం డబ్బాలో పురుగు మందు ఇంకా ఉందా?" అన్నాడు భర్త.

తను కొట్టింది తెల్ల డబ్బాలోది. "ఉంది" అని మాత్రం అని, చెంబు అక్కడే వదిలి చేనికి పరుగెత్తింది.

పక్క చేలో తోడికోడలు నడుమెత్తి చూసింది. "ఏంటక్కా, కుక్క తరిమినట్టు ఆ పరుగు?"

సంగతి విని తోడికోడలు కొంగు బిగించింది. "నీళ్లు పోసి ఆకు కడిగేద్దాం."

"మందు కిందికి కారి వేరుకి పడితే?"

ఇద్దరూ నిండు బిందెలతో నిలబడిపోయారు. పోస్తే బతుకుతుందో, పోస్తేనే చస్తుందో!

"మనకెవరు చెప్పి చచ్చారు గనక!" అంటూ తోడికోడలు మందుల కొట్టుకి ఫోన్ కలిపి ఇచ్చింది.

"మీ ఆయనకివ్వమ్మా" అన్నాడు కొట్టతను.

"కొట్టింది నేను. నాకే చెప్పండి."

అతను ఏ మందో అడిగి చెప్పాడు. "కడగండి. గంట దాటిపోతే నమ్మకం లేదు."

దాటిందో లేదో ఆమెకు తెలియదు. బిందె వంచి కడిగింది.

అయిదు రోజులు తెల్లారగానే వెళ్లి, దూరం నుంచే చూసి వచ్చేది. ఆరో రోజు నాలుగు సాళ్లూ తల వేలాడేశాయి. మిగతా చేనును పురుగు తింటూనే ఉంది. ఇక దాచి లాభం లేదని మంచం పక్కన కూర్చుని చెప్పింది.

"నేనన్నది 'కలుపు, మందు' అని. పురుగు మందు కలపమనే!"

"నువ్వన్నది కలుపు మందు. నేను విన్నదీ అదే."

అతను తల ఆమె వైపు తిప్పాడు. మెల్లగా అన్నాడు. "రెండు డబ్బాలూ ఇటు తే. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకో. చెబుతాను."

నేర్చుకుంది. ట్యాంకును మూడుసార్లు కడిగి, నీలం డబ్బా మందు కలిపింది. అయినా చేలో చెయ్యి ముందుకు రాలేదు. చివరి సాలులో ఒక్క మొక్కకు మాత్రం కొట్టి, గాలికి వీపు పెట్టి గట్టు మీద కూర్చుని, రెప్ప వేయకుండా దాని ఆకులకేసే చూస్తూ ఉంది.