చల్లనీళ్ళల్ల చాపత్తి

మా చిన్నప్పుడు... చాపత్తి, అదే చాయ్‌ల ఏసే ఆకు, ప్యాకెట్లల్ల రాకపోయేది. పెద్ద చెక్కపెట్టెలల్ల వస్తుండె. మా నాయిన తాండూరు బజార్ల దుకానంల తూచి, కాయితం పొట్లాలు గట్టి అమ్ముతుండె.

అండ్ల మూడు రకాలు... చుట్టుకున్న పెద్దాకు, బియ్యపు నూక లెక్క విరిగిన పత్తి, మెత్తటి పొడి. పెద్దాకు వాసనకు మంచిది, ఇండ్లకు పోయేది. హోటలోళ్ళకు పొడే గావాలె, రంగు గట్టిగ దిగుతది గద! నాయిన పిడికెడు అరచేతుల నలిపి, వాసన జూసి చెప్తుండె. యాలాల్, బషీరాబాద్ దిక్కోళ్ళు గుడ ఆయన మాట మీదనే కొనుక్కపోతుండ్రి.

ఓ ఏడు నాయినకు పెద్ద జరమొచ్చింది. తగ్గింది గని, ముక్కుకు వాసన మళ్ళ రాలె. ఎవ్వలికి చెప్పలె ఆయన. పొయ్యి మీద పప్పు మాడుతుంటే పక్కన కూసొని గుడ లేవలె... అట్ల అమ్మకు తెలిసింది.

ఆమె గుడ ఏమడగలె. కొత్త పెట్టె వస్తే మాత్రం ముందుగాల ఇంట్లకు తెప్పిచ్చుకొని, దుకానానికి ఇంటికి నడుమున్న పర్దా ఎనుక చల్లనీళ్ళ గిలాసల చిటికెడు పత్తి ఏసి చూస్తుండె. మంచి పత్తికి చల్లనీళ్ళల్ల రంగు తొందరగ దిగది. కాగిన పత్తిని ఎండబెట్టి రంగు పూసిందైతే, ఏసుడుతోనే ఎర్రగైతది. గసొంటి పెట్టెకు అమ్మ మూతపెట్టి పక్కకు జరుపుతుండె. నాయిన కిక్కురుమనకుండ వాపస్ పంపుతుండె.

ఓనాడు పెట్టె రాంగనే పాత గిరాకి హోటలాయన గుడ వచ్చిండు. నాయిన పత్తి నలిపి, వాసన జూసినట్టు చేసి, "అవ్వల్ సరుకు, మొదటి రకం" అన్నడు. నేను అందిచ్చిన చిటికెడు పత్తికి లోపల అమ్మ గిలాస ఎర్రగైంది. చెప్తే నాయిన తల దించుకోవాలె, చెప్పకుంటే ఆయన మాట అబద్ధమైతది.

అమ్మ ఎన్నడు దాటని పర్దా దాటొచ్చి, గిలాస తక్కెడ పక్కన పెట్టింది.

నాయిన ఆ నీళ్ళు చూసి, హోటలాయన దిక్కు తిరిగిండు. "జరమొచ్చిన కాడికెళ్ళి నాకు వాసన తెలుస్తలేదన్నా... ఈ పెట్టె నీకొద్దు."

హోటలాయన ఏం కొనకుండనే పోయిండు. ఆ పూట నాయిన అన్నం తినలె. నాకు అమ్మ మీదనే కోపమొచ్చింది, పాడుబుద్ధి!

వారానికి హోటలాయన మళ్ళొచ్చి, నాయినను కాదు, పర్దా దిక్కు చూసి అన్నడు: "చెల్లె, నువ్వు చూసిందియ్యి."

నాయిన తన గద్దె మీద జరిగి, అమ్మను పిలిచి పక్కన కూసోబెట్టుకున్నడు.

ఇప్పుడు ప్యాకెట్ల మీద మస్తు గొప్పలు రాస్తున్నరు... "ఇది నీకొద్దు" అని చెప్పే మనిషే కరువైండు. మా దుకానం బోర్డు మీద ఆఖరిదాక నాయిన పేరే ఉండె. మీ ఇండ్లల్ల గుడ గిట్ల బోర్డెక్కని అమ్మలుంటే, వాళ్ళ పేర్లు ఈడ రాయుండ్రి... జర ఇక్కడన్న ఉండనీ.