నాలుగో టేబుల్ మీద నల్ల బంతి

2013 వానాకాలం. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో ఒక హోటల్. పెళ్లిళ్లకు ఇచ్చే పెద్ద హాల్లో కుర్చీలు తీసేసి ఆరు స్నూకర్ టేబుళ్లు వేశారు. విదేశాల నుంచి ప్రొఫెషనల్ ఆటగాళ్లు వచ్చిన పోటీ అది. అప్పటికి ఏడేళ్లుగా రిఫరీగా చేస్తున్నాను గానీ అన్నీ రాష్ట్ర స్థాయి పోటీలే. ఇంత పెద్దది నాకదే మొదలు.

మాది శంషాబాద్ పక్క ఊరు, వ్యవసాయ కుటుంబం. డిగ్రీ అయ్యాక నగరంలో ఒక క్లబ్బులో రిసెప్షన్‌లో చేరాను. స్కోరు చెప్పే మార్కర్ రాని రోజుల్లో ఆయన పని నేను చేస్తూ ఆట తెలుసుకున్నాను, తర్వాత రిఫరీ పరీక్ష రాశాను. ఈ పని చూసేవాళ్లకు తేలిక. తెల్ల గ్లవ్స్ వేసుకుని బంతులు వాటి చోట పెట్టడం, పాయింట్లు పలకడం. అసలు పని కళ్లది. క్యూ అనే పొడవాటి కర్ర కొసతో తెల్ల బంతిని కొట్టడం తప్ప, ఆటగాడి చెయ్యి గానీ బట్ట గానీ ఏ బంతికి తగిలినా ఫౌల్. పాయింట్లు ఎదుటివాడికి పోతాయి. అది చూడాల్సింది, వెంటనే చెప్పాల్సింది రిఫరీ ఒక్కరే.

ఆ పోటీలో ‘వైల్డ్‌కార్డ్’ అనే పద్ధతి ఉండేది. అర్హత మ్యాచులేవీ ఆడకుండానే, నిర్వాహకులు కొందరు స్థానిక ఆటగాళ్లకు నేరుగా చోటిస్తారు. స్థానికులుంటే జనం వస్తారని, కొత్తవాళ్లకు అవకాశం దొరుకుతుందని వాళ్ల వాదన. కానీ ఆ చోటు గాల్లోంచి రాదు. అర్హత మ్యాచులు గెలిచి వచ్చిన ప్రొఫెషనల్స్‌లో కొందరు, అసలు పోటీకి ముందు ఈ వైల్డ్‌కార్డులతో ఇంకో మ్యాచ్ ఆడాలి. ఓడితే అక్కడితో సరి.

నాకు పడింది నాలుగో టేబుల్. కెమెరాలు మొదటి రెండు టేబుళ్లకే ఉన్నాయి. వైల్డ్‌కార్డ్ యాదగిరి, ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపేవాడు. ఎదుట ఆర్థర్ అనే ఇంగ్లండ్ ఆటగాడు, నలభై అయిదు దాటినవాడు.

పొద్దున రిఫరీల గదిలోకి ఆర్థర్ వచ్చి చీఫ్ రిఫరీతో మాట్లాడుతుంటే విన్నాను.

“ఇక్కడిదాకా రావడానికి నేను మూడు మ్యాచులు గెలిచాను. ఆయన ఎన్ని గెలిచాడు?”

“నిబంధనలు ముందే పంపాం కదండీ,” అన్నారు చీఫ్ రిఫరీ.

“చదివాను. ఈరోజు ఓడితే వచ్చే ఏడాది ప్రొఫెషనల్స్ జాబితాలో నా పేరుండదు. ఇరవై ఏళ్లుగా నాకు తెలిసిన పని ఇదొక్కటే.”

ఆయన టీ తాగకుండానే కప్పు బల్ల మీద పెట్టేశాడు. చూడనట్టు తల తిప్పుకున్నాను.

బయటికి రాగానే మల్లేశం ఎదురయ్యాడు. మా వైపు భూముల వ్యాపారంలో పెద్ద చెయ్యి. ఈ పోటీ స్పాన్సర్లలో ఒకడు. మా తమ్ముడు శ్రీను ఆయన వెంచర్‌లో సూపర్‌వైజర్.

“విజయా, శ్రీనుకు అక్కవు గదా నువ్వు?”

“అవునన్నా.”

“యాదగిరి మన పోరడు. పేరు నేనే పెట్టిపిచ్చిన. జర చూస్కో.”

“నేను చూస్కునేదేముందన్నా? ఆట వాళ్లే ఆడుతరు.”

నవ్వాడు. “నీ తమ్ముడు నా దగ్గర మంచిగనే చేస్తుండు,” అని భుజం మీది టవల్ సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మాటలో పట్టుకుని తప్పు పట్టడానికేమీ లేదు. అయినా అది బెదిరింపేనని అర్థమైంది. శ్రీనుకు రెండు నెలల కిందటే కూతురు పుట్టింది. అప్పుడే చీఫ్ రిఫరీ దగ్గరికి వెళ్లి, ‘మా తమ్ముడు స్పాన్సర్ దగ్గర పనిచేస్తున్నాడు, నన్ను ఇంకో టేబుల్‌కు మార్చండి’ అని చెప్పాల్సింది. చెప్పలేదు. మొదటి పెద్ద పోటీలోనే సాకులు చెబుతోందనుకుంటారని భయం. మల్లేశం చెవిన పడుతుందని ఇంకో భయం.

మ్యాచ్ ఏడు ఫ్రేములు. ఫ్రేమంటే ఒక పూర్తి ఆట. నాలుగు ఎవరు ముందు గెలిస్తే వారిదే మ్యాచ్. యాదగిరి ఆట చూశాక అతను ఊరికే వచ్చినవాడు కాదని అర్థమైంది. మొదటి రెండూ ఓడి, తర్వాతి మూడూ గెలిచాడు. ఆరోది ఆర్థర్ లాక్కున్నాడు. చుట్టూ మావాళ్లే, యాదగిరి బంతిని టేబుల్ అంచు పాకెట్‌లో వేసిన ప్రతిసారీ ఈలలు. ముందు వరసలో మల్లేశం. ఆయన ఆట చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు.

ఏడో ఫ్రేమ్ చివరికొచ్చింది. టేబుల్ మీద తెల్ల బంతి కాక గులాబీ, నలుపు మిగిలాయి. గులాబీకి ఆరు పాయింట్లు, నలుపుకు ఏడు. ఎనిమిది పాయింట్లు వెనకబడి ఉన్నాడు యాదగిరి. రెండూ వేస్తే మ్యాచ్ అతనిదే. తెల్ల బంతి దూరంగా పడింది. నల్ల బంతి మీదుగా ఒంగి, చెయ్యి చాచి కొట్టాలి.

ఒంగాడు. అతని వెయిస్ట్‌కోట్ కింది అంచు నల్ల బంతిని తాకింది. బంతి దొర్లలేదు. ఉన్నచోటనే వెంట్రుకవాసి కదిలి ఆగింది.

ఫౌల్ అనాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. శ్రీను ముఖం, వాడి ఒళ్లోని పసిదాని ముఖం కళ్ల ముందుకొచ్చాయి. ఎంతసేపు? ఒక్క శ్వాసంత. ఈలోపు యాదగిరి కొట్టేశాడు. గులాబీ బంతి పాకెట్‌లో పడింది. హాలంతా లేచింది.

“ఫౌల్!” అన్నాను అప్పుడు.

చప్పట్లు ఆగిపోయాయి. అతను గెలవబోతుంటే ఆ గెలుపును నేను కావాలని లాగేసినట్టు అయిపోయింది. “ఏంది ఫౌల్? యాడ తాకింది?” అని వెనక నుంచి అరుపులు. యాదగిరి క్యూ పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. అతనికి తాకినట్టు తెలియలేదని ఆ చూపే చెప్పింది. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. నేను గులాబీ బంతిని తీసి దాని చోట పెట్టాను. ఏడు పాయింట్లు ఆర్థర్‌కు కలిశాయి. ఆయన గులాబీ వేశాడు, ఇక నలుపు వేసినా యాదగిరి అందుకోలేడు, మ్యాచ్ ముగిసింది.

ఆర్థర్ నాకు చెయ్యిచ్చి, నవ్వకుండా అన్నాడు. “నేనటు చూడలేదు. మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.”

ఆ మాటతో భయం ఇంకా పెరిగింది. చూసింది నేనొక్కదాన్నే. కెమెరా లేదు, సాక్షి లేదు. మల్లేశం నన్ను దాటిపోతూ, “మంచిగ చూస్కున్నవ్ విజయా,” అన్నాడు మెల్లగా. నిజంగా చూశానా? లేక మల్లేశానికి లొంగిపోతానేమోనన్న భయంతో లేని తప్పు కల్పించానా? గంట గడిచేసరికి నా కళ్లను నేనే నమ్మలేని స్థితికి వచ్చాను.

సాయంత్రం ఆరింటికి హోటల్ నుంచి హైవే మీది బస్టాపుకు నడుస్తున్నాను. సన్నగా వాన. వెనక ఒక బండి వస్తోంది. ముందుకు పోవడం లేదు, నా నడకకు తగ్గట్టు మెల్లగా వస్తోంది. నేను ఆగితే ఆగింది. పక్కన ప్రహరీ గోడ తప్ప ఏమీ లేదు. హాల్లో అరిచినవాళ్ల ముఖాలన్నీ గుర్తొచ్చాయి. గొడుగు మూసి కర్రలా పట్టుకున్నాను.

“అక్కా, భయపడకు. నేను యాదగిరిని.”

హెల్మెట్ తీశాడు. క్యూ పెట్టె వీపుకు కట్టుకుని ఉన్నాడు.

“అక్కా, ఒక్కటే ముచ్చట అడుగుత. నిజంగ తాకిందా?”

కోపంగా అడిగి ఉంటే తేలికగా ఉండేది. పరీక్ష ఫలితం అడిగినట్టు అడిగాడు. కళ్లు మూసుకుని మళ్లీ ఆ టేబుల్ దగ్గర నిలబడ్డాను. ఒంగిన మనిషి, బట్ట అంచు, కదిలి ఆగిన నలుపు. నా భయాలన్నీ పక్కకు నెట్టినా ఆ కదలిక అక్కడే ఉంది.

“తాకింది తమ్మీ. నీ కోటు అంచు నల్ల బంతికి ఆనింది. నేను చూసిన. కానీ చెప్పనీకి భయపడ్డ. గందుకే ఆలస్యమైంది. ఆ తప్పు నాది. వెంటనే అంటే నువ్వు కొట్టకపోతుంటివి, గింత లొల్లి కాకపోతుండె.”

అతను హెల్మెట్ బండి అద్దానికి తగిలించాడు.

“మంచిగైందక్కా. గీ ఎంట్రీ నాది గాదు. మా దిక్కు ఆటగాళ్లకు పెట్టిన సెలక్షన్ల ఫస్ట్ వచ్చింది కందుకూరుల ఉండే ఒక అన్న, నేను సెకండ్. మల్లేశం సాబ్ చెప్పి నా పేరు పెట్టిపిచ్చిండు. నేను వద్దనలే. గెలిస్తె ఆ అన్న మొఖం ఎట్ల చూడాలె అని పొద్దుగాల నుంచి పరేషాన్. ఓడిపోతె వీళ్లందరి ముంగట ఇజ్జత్ పోతదని ఇంకో పరేషాన్.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు భయం లేదు. దుఃఖముంది, గంతే.”

బస్టాపుదాకా బండి నడిపించుకుంటూ నాతోపాటే వచ్చాడు. బస్సెక్కాక కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చాను. గగన్‌పహాడ్ దాటేదాకా ఏడుపు ఆగలేదు.

మరునాడు చీఫ్ రిఫరీకి అంతా చెప్పాను, తమ్ముడి సంగతితో సహా. ఆయన చాలాసేపు మందలించారు. మిగిలిన పోటీకి నన్ను స్కోరు బోర్డు పనికి మార్చారు. న్యాయమే. నెల తిరక్కుండా శ్రీనును వెంచర్ పనికి రావద్దన్నారు. మూడు నెలలు ఇంట్లో కూర్చుని, తర్వాత జల్‌పల్లి వైపు ఒక గోదాములో చేరాడు. “నాకోసం నువ్వు అబద్ధమాడితే ఇంకా పరేషాన్ అవుతుంటి అక్కా,” అన్నాడు గానీ, ఆ మూడు నెలలూ మా మరదలు నాతో సరిగా మాట్లాడలేదు. ఆమెది తప్పనలేను.

మరుసటి ఏడాది స్థానిక సెలక్షన్ సమావేశానికి నన్నూ పిలిచారు. ఫలితాలు గోడ మీద అంటించాలని, వైల్డ్‌కార్డ్ ఇస్తే మొదట వచ్చినవాళ్లకే ఇవ్వాలని, లేదంటే కారణం రాసి పెట్టాలని అడిగాను. భయపడుతూనే చివరిదాకా చెప్పాను. ఫలితాలు అంటించడానికి ఒప్పుకున్నారు. మిగతాది ‘చూద్దాం’ అన్నారు.

దొడ్డిదారిన ఒకరిని లోపలికి తెస్తే ఆ నష్టం బయట నిలబడ్డవాడితో ఆగదని ఆ మ్యాచ్‌లో చూశాను. లోపలికి వచ్చినవాడు, అతనితో ఆడాల్సినవాడు, మధ్యలో నిలబడి తీర్పు చెప్పాల్సిన మనిషి, అందరూ భయంలోనే ఆ రోజు గడిపారు. ఇక నా పని సంగతి. ధైర్యం వచ్చాక మాట్లాడదామనుకుంటే ఆలోపు బంతి పాకెట్‌లో పడిపోతుంది. ఇప్పుడు కూడా నాకు భయమేస్తుంది. భయంతోనే, చూసిన క్షణంలోనే చెప్పేస్తాను.